చుక్కల మందు వేసిన మధ్యాహ్నం

కళ్ళు మూసుకోమన్నారు గనక బుల్లి కళ్ళు మూసుకుంది. నర్సు చల్లటి చేత్తో గడ్డం పైకెత్తి, కింది రెప్పను వేలితో లాగి, రెండు కళ్ళలోనూ చుక్కల మందు వేసి, "మళ్ళీ నేనొచ్చి చూసేదాకా తెరవకూడదమ్మా, కదలకుండా కూర్చో" అని చేతిలో దూది ముక్క పెట్టి వెళ్ళిపోయింది. మందు భగ్గుమంది. ఆ మంట ముక్కు వెనకనుంచి గొంతులోకి జారి చేదుగా నాలుక మీదికి వచ్చింది. కంట్లో వేసిన మందు నోటికి తగలడమేమిటో, లోపల దారులన్నీ ఒకటేనేమో, అలాగైతే కంటితో చూసి మింగేసినవి కూడా ఎక్కడో ఒకచోట ఇలాగే చేదుగా బయటపడతాయేమో అనుకుంటూ చెంపలు తుడుచుకుంది. ఇప్పుడు కారేది మందే, ఏడుపు కాదు. ఏడుపే అయినా ఎవరికీ తెలియదు. ఈ గదిలో అందరి కళ్ళూ కారుతూనే ఉంటాయి, ఏడవదలచుకున్నవాళ్ళకి ఇంతకన్నా అనువైన చోటు ఇంకొకటి లేదు. ఆ మాట తోచగానే నవ్వొచ్చింది. నవ్వు రాగానే చిలకకి చెప్పాలనిపించింది. చెప్పాలనిపించగానే చిలకతో తను మాట్లాడటం లేదన్న సంగతి, మెట్టు ఉందనుకుని అడుగు వేస్తే మెట్టు లేనట్టు, ఒక్కసారిగా తగిలింది.

పక్క కుర్చీలో తాతయ్య ఉన్నాడు. చూడక్కర్లేదు, వినబడుతూనే ఉన్నాడు. అమ్మ పనిచేసే మందుల షాపులో ఈ రోజు కొత్త సరుకు దిగుతుంది, రావడం కుదరక బుల్లిని ఆయనకి అప్పగించింది. బతుకంతా బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఉద్యోగం వదిలి ఏళ్ళయినా నలుగురు మనుషులూ నాలుగు కుర్చీలూ ఒకచోట కనబడితే ఆయన ఊరుకోలేడు. "అమ్మా, మీరా సంచీ ఒళ్ళో పెట్టుకోండి. బాబూ, కాస్త లోపలికి జరుగు. పెద్దాయన ఎంతసేపని నిలబడతారు?" అంటున్నాడు. జనం జరుగుతున్నారు కూడా. కుర్చీ కాళ్ళు నేలమీద కిర్రుమంటున్నాయి. "మీరిక్కడ పనిచేస్తారాండీ?" అని ఎవరో అడిగారు. "లేదమ్మా, నేనూ ప్యాసింజర్నే" అన్నాడు తాతయ్య. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు చిలకదా? కాదు, చిలక ముందు ఊపిరి పీల్చుకుని తర్వాత నవ్వుతుంది. నిజానికి ఈ రోజు చిలకే రావాల్సింది. కంటి డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్తానని, తిరిగొచ్చేటప్పుడు ఏమీ కనపడని బుల్లిని రోడ్డు దాటిస్తూ "గుంట ఉంది, గుర్రం ఉంది, ఏనుగు ఉంది" అని ఏడిపిస్తానని ముందే బెదిరించి పెట్టుకుంది. ఆ బెదిరింపు విన్నప్పుడు బుల్లికి ఎంత బాగుందో. బాగుందా? బాగుందనే అనుకుంది. ఇప్పుడు అదీ తెలియడం లేదు.

కళ్ళు ఇలా ఎప్పుడు పాడయ్యాయో ఎవరికీ తెలియదు. తెలిసింది లెక్కల మేడమ్ వల్ల. వెనక బెంచీలోంచి లేపి, బోర్డు మీదున్నది చదవమంది. బోర్డు మీద బుల్లికి ఎప్పుడూ కనిపించేదే కనిపించింది. నల్లటి దానిమీద తెల్లటి పొగ. అందరికీ అంతేననీ, మేడమ్ నోటితో చెప్పేదే అసలు పాఠమనీ, బోర్డు మీద రాసేది ఊరికే చేతికి పని కోసమనీ ఎక్కడో మనసు మూలలో అనుకుంటూ వచ్చిందేమో. తప్పు, అంత అమాయకురాలేం కాదు. కనపడటం లేదని తెలుసు. మేడమ్ గొంతు వింటూ లెక్క మనసులోనే కట్టుకునేది, మిగిలింది చిలక పుస్తకంలో చూసి రాసుకునేది. లెక్కలంటే ఇష్టం గనక సరిపోయింది. ఇష్టమా? అవును, అది మటుకు ఇష్టమే, ఎందుకంటే చిలకకి లెక్కలంటే ఒళ్ళుమంట. చిలకకి ఇష్టం లేనిది తనకి ఇష్టమైతే అది తన సొంతమే అయుండాలి. ఎంత విచిత్రమైన కొలత! కళ్ళు మూసుకున్న చీకట్లో ఎర్రటి మచ్చలు తేలుతున్నాయి. ఒకటి బెంచీలా ఉంది.

వెనక బెంచీ చిలకది. అంటే చిలక ఎంచుకున్నది. కొత్త స్కూల్లో మొదటిరోజు బుల్లి రెండో వరసలో, ఎవరూ తనని చూడకుండా ఉండాలని భుజాలు లోపలికి లాక్కుని కూర్చుంటే, ఎవరో పొడుగుపిల్ల వచ్చి పక్కన బ్యాగు పడేసి, క్లాసులోకి అప్పుడే వచ్చి వెళ్ళిన ప్యూను గొంతుతో, "ఇక్కడ గాలి లేదండీ, వెనక్కి పోదామా?" అంది. ప్యూను మళ్ళీ వచ్చాడనుకుని బుల్లి లేచి నిలబడింది. తర్వాత నవ్వింది. "నీ ఇష్టం" అంది. ఆ రోజునుంచి వెనక బెంచీయే. ఎవరి గొంతు చెవిలో పడ్డా అచ్చం అలాగే తిరిగి పలుకుతుందని ఆ పిల్లకి చిలక అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ వాడరు. ఒకసారి ముసలమ్మ గొంతుతో బుల్లి వాళ్ళింటికి ఫోన్ చేసి, మీ బస్సులో నా గొడుగు మరిచిపోయాను కండక్టరుగారూ అంటూ తాతయ్యని పావుగంట ఆడించింది. ఆయన పాపం, ఏ రూటు, ఏ రంగు, పిడి వంకరదా తిన్ననిదా అని అన్నీ అడిగి, డిపోలో స్నేహితుడికి కూడా కబురు పెట్టబోయాడు. నిజం చెప్పాక కోప్పడతాడనుకుంటే, "అయితే గొడుగు లేదా?" అని దిగాలుపడ్డాడు. చిలక ఉంటే రోజు గిర్రున తిరిగిపోయేది. చిలక పక్కన కూర్చున్నందుకు బుల్లి కూడా కాస్త వెలుగులో ఉండేది, దీపం పక్కన పెట్టిన గ్లాసులా. గ్లాసుకి సొంత వెలుగు లేదేమని ఎవరూ అడగలేదు, గ్లాసు కూడా ఆ మాట తలచుకోలేదు.

అందుకే ఆ రోజు అర్థం కాలేదు. లెక్కల మేడమ్ బోర్డు చదవమన్న రోజే, మధ్యాహ్నం సైన్సు సారు రాలేదు, పీరియడు ఖాళీ. చిలకని అందరూ ముందుకి తోశారు. చిలక బోర్డు ముందు నిలబడి హెడ్‌మాస్టర్ని చేసింది, ఈలతోనే మాట్లాడే ఆటల సారుని చేసింది, పుస్తకం ఇస్తున్నప్పుడు ప్రాణం ఇస్తున్నట్టు మొహం పెట్టే లైబ్రరీ మేడమ్‌ని చేసింది. క్లాసు పొట్ట పట్టుకుంది. అప్పుడు ఎవరో "ఇంకొకటి, ఇంకొకటి" అని అరిచారు. చిలక కాసేపు ఆగింది. వెనక బెంచీనుంచి బుల్లికి ఒక పొడుగాటి నీలి మరక ఆగినట్టు కనిపించింది. తర్వాత ఆ మరక భుజాలు లోపలికి లాక్కుంది, తల ఒక పక్కకి వాల్చింది, జుట్టు చెవి వెనక్కి నెట్టుకుంది. ఎంతో మెత్తగా, మాట బయటికి వచ్చినందుకే మాటకి సిగ్గేస్తున్నట్టు, "నాకేదైనా పర్లేదు... నీ ఇష్టం" అంది. క్లాసు విరుచుకుపడింది. ఇప్పటిదాకా నవ్విన నవ్వంతా ఒకెత్తు, ఇదొకెత్తు. బుల్లి కూడా నవ్వింది, అందరూ నవ్వుతున్నారు గనక. నవ్వుతూనే ముందు బెంచీ పిల్ల భుజం తట్టి, "ఎవరే అది? కొత్త కంప్యూటర్ మేడమా?" అని అడిగింది. గట్టిగానే అడిగింది కాబోలు, వినబడింది అందరికీ. ఒక్క క్షణం క్లాసంతా గప్‌చుప్. తర్వాత మళ్ళీ నవ్వు, ఈసారి వెనక్కి తిరిగి, తనవైపు చూస్తూ. ముందు బెంచీ పిల్ల మాత్రం నవ్వలేదు. జాలిగా చూసింది. ఆ జాలి దగ్గర్లో ఉంది గనక కనిపించింది. అప్పుడు తెలిసింది.

కానీ ఏం తెలిసింది? అదే తెగడం లేదు. చిలక తనని చేసిందని తెలిసింది. తను అలా ఉంటుందని తెలిసింది. ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషిని తను ఒక్కతే గుర్తుపట్టలేదని తెలిసింది. ఇందులో ఏది బాధ? వెక్కిరించినందుకా? చిలక వెక్కిరించనిది ఎవరిని, తాతయ్యని కూడా చేస్తుంది, తాతయ్య చప్పట్లు కొడతాడు. అంత అచ్చంగా చేయాలంటే ఎంత చూసి ఉండాలి! జుట్టు చెవి వెనక్కి నెట్టుకోవడం తనకే తెలియదు. అంతగా తనని చూసినవాళ్ళు అమ్మతో సహా ఎవరున్నారు? అయితే అది ప్రేమా? ప్రేమైతే అందరూ ఎందుకు నవ్వారు? అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. "ఎవరే అది" అని తను అడిగినప్పుడు, అందరూ వెనక్కి తిరిగి నవ్వినప్పుడు, బోర్డు దగ్గర నిలబడ్డ చిలక మొహం ఎలా ఉంది? నవ్వుతోందా? వాడిపోయిందా? అదొక్కటి కనిపిస్తే లెక్క తేలిపోయేది. కనిపించలేదు. నీలి మరక మీద గోధుమరంగు మరక, అంతే. తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నా మరక మరకగానే ఉంది. ఒకసారి దానిమీద నవ్వు పెట్టి చూసుకుంటుంది, కడుపులో అగ్గి రాజుకుంటుంది. ఒకసారి ఏడుపు పెట్టి చూసుకుంటుంది, పరుగున వెళ్ళి కావలించుకోవాలనిపిస్తుంది. రెండూ సరిగ్గా అతుకుతాయి ఆ మొహానికి. చిలక మొహం కదా, ఏదైనా అతుకుతుంది.

ఆ తర్వాత చిలక బుల్లి వాళ్ళింటికి వచ్చింది. బుల్లి లోపలి గదిలోకి పారిపోయి, నిద్రపోతున్నానని చెప్పమని తాతయ్యకి సైగ చేసింది. "నిద్రపోతున్నానని చెప్పమందమ్మా" అని తాతయ్య చెప్పాడు. ఇంకొకరైతే నవ్వుతారు ఆ మాటకి. చిలక నవ్వలేదు. చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. స్కూల్లో బుల్లి ముందు వరసలోకి మారింది. డాక్టరుకి చూపించేదాకా ముందు కూర్చోమని మేడమే చెప్పింది గనక అలిగినట్టు కూడా కాదు. బోర్డు దగ్గరయ్యాక తెల్లపొగలోంచి అంకెలు బయటికొచ్చాయి. వెన్నులో మాత్రం ఎవరో చూస్తున్నట్టు ఒకటే దురద.

ఏమిటి నా ఇష్టం? కళ్ళు మూసుకుని చేయడానికి వేరే పని లేదు గనక బుల్లి తనని తనే పరీక్ష పెట్టుకుంది. పుల్ల ఐసుల్లో ఏది? నారింజది. అది చిలకది. బస్సులో ఎటువైపు? ఎడమవైపు కిటికీ. అదీ చిలకదే, కుడివైపు ఎండ అంటుంది. ఆ ఎండ తనకి ఇష్టమేమో ఎప్పుడు తెలుసుకుంది గనక? వచ్చే ఏడు ఏ గ్రూపు? జంతువులు. చిలక జంతువుల డాక్టరవుతుంది, ఎద్దు దగ్గరికి వెళ్ళి ఎద్దు గొంతుతోనే ఎక్కడ నొప్పి అని అడుగుతుంది, కాబట్టి ఇద్దరూ బయాలజీయే. "సరేనా?" అంటే "సరే". కోసిన కప్పని తలచుకుంటేనే కడుపులో తిప్పుతుంది తనకి. పోనీ, చిలక లేకముందు ఏం ఇష్టం? అమ్మ ఎటంటే అటు. అంటే తవ్వుకుంటూ పోతే అడుగున ఏమీ లేదా? ఉల్లిపాయలా? భయమేసింది. భయం కూడా తనదేనా, లేక... అబ్బ! తల తిరిగిపోతోంది. ఫ్యాను గరగరలాడుతోంది. రిసెప్షన్‌లో అమ్మాయి నంబర్లు పిలుస్తోంది. ఎవరి ఫోనో మోగి మోగి ఆగింది. తాతయ్య ఎందుకో ఇందాకటినుంచి ఎవరినీ జరగమనడం లేదు. కునుకు తీస్తున్నాడేమో.

అప్పుడు అవతలి పక్క కుర్చీ మూలిగింది. "అమ్మయ్యా" అంటూ ఎవరో కూర్చున్నారు. "చుక్కలు వేశారా పిల్లా?" అంది గొంతు. సాగదీసిన, చివర వణికే ముసలి గొంతు. బుల్లి ఒళ్ళు జల్లుమంది. గొడుగు పోగొట్టుకున్న ముసలమ్మ! అదే సాగు, అదే వణుకు. "వేశారు" అంది బుల్లి, జాగ్రత్తగా. "మండుతోందా?" "పర్లేదు." "మండితే మండుతోందని చెప్పాలి గానీ పర్లేదేంటి తల్లీ, విడ్డూరం కాకపోతే!" అంది గొంతు.

ఇంకేం అనుమానం? వచ్చింది. వచ్చి, ఇక్కడ కూడా, కళ్ళు మూసుకుని ఉన్నప్పుడు కూడా, అదే ఆట. బుల్లి కడుపులో ఎక్కడో మూత ఎగిరిపోయింది. "ఆపవే ఇంక. నువ్వేనని నాకు తెలుసు" అంది. తన గొంతు తనకే కొత్తగా, గరుగ్గా వినబడింది. ఆగబోయింది గానీ ఆగలేకపోయింది. "అవును, నేను పర్లేదంటాను. అందరికీ తెలుసుగా, నువ్వు చేసి చూపించావుగా. అన్నీ పర్లేదు నాకు. నారింజ ఐసు పర్లేదు, నాలుక మీద మైనంలా ఉంటుంది, అయినా పర్లేదు. కప్పల్ని కోయడం పర్లేదు. నాకు లెక్కలు కావాలే. నువ్వడగలేదు, నేను చెప్పలేదు. ఆ వెనక బెంచీ... అక్కణ్ణించి నాకు బోర్డు కనపడదు. ఎప్పుడూ కనపడలేదు. ఏడాదిగా గుడ్డిదానిలా కూర్చున్నాను నీ పక్కన, తెలుసా? నీ మొహం కూడా కనపడలేదు ఆ రోజు. నవ్వావో ఏడ్చావో కూడా తెలీదు నాకు. నువ్వేమో నా జుట్టు ఎలా సర్దుకుంటానో కూడా చూశావు, నా కళ్ళు మాత్రం చూడలేదు." ఊపిరి అందక ఆగింది. దూది ముద్దయి చేతిలో నీళ్ళు కారుతోంది.

అవతలి కుర్చీ మళ్ళీ మూలిగింది. తర్వాత ఒక చెయ్యి వచ్చి బుల్లి చేతిమీద పడింది. ఎండిన ఆకులా గరుకైన చర్మం, కింద ఎముకలు. పదహారేళ్ళ చెయ్యి కాదు. బుల్లి దిగ్గున కళ్ళు తెరిచింది. తెల్లటి వెలుగు వరదలా మీదపడింది. ఆ వెలుగులో ఒక కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టిన ముసలావిడ, అంచులన్నీ చెరిగిపోయి, తలూపుతోంది. "అయ్యో, క్షమించండి బామ్మగారూ... మా ఫ్రెండ్ అనుకున్నాను... తను గొంతులు..." బుల్లికి మాట తడబడింది, గబుక్కున మళ్ళీ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే తను కనపడనట్టు. "నాకేం ఫర్వాలేదమ్మా" అంది ముసలావిడ. "మా కోడలు కూడా తిడుతుంది గానీ ఇంత వివరంగా తిట్టదు. ఆ బెంచీ సంగతేదో మళ్ళీ చెప్పు. ఇటు చెవి నాకు సరిగ్గా వినబడదు." ఈలోపు నర్సు వచ్చి కట్టు మార్చాలని ఆవిణ్ణి లేపింది. "ఉండవే, కథ మధ్యలో లేపుతావు" అని సణుగుతూ ఆవిడ వెళ్ళిపోయింది.

సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా ఆ సిగ్గు కింద ఇంకేదో ఉంది, దాని పేరు తెలియడం లేదు. పుండు పగిలాక ఉండే ఖాళీలాంటిది. నాలుక మీద మైనం అన్నాను కదూ! ఆ మాట ఎక్కడిది? ఎవరూ చెప్పగా వినలేదు. ఎప్పుడూ మనసులోనైనా అనుకోలేదు. నాదే కాబోలు. "తాతయ్యా" అని పిలిచింది. "ఆఁ" అన్నాడు తాతయ్య. నిద్రలో ఉన్న గొంతు కాదు. మరీ మెలకువగా ఉన్న గొంతు. ఆయనకి అవతలి పక్కన ఎవరో ముక్కు ఎగబీల్చారు. "నేనలా వెళ్ళి మంచినీళ్ళు తాగొస్తానమ్మా" అంటూ ఆయన లేచాడు. ఆయన కుర్చీ ఖాళీ అయింది. తర్వాత నిండింది.

"నేనే" అంది ఎవరో. సన్నగా, బొంగురుగా, మధ్యలో విరిగిపోతున్న గొంతు. బుల్లి ఎప్పుడూ వినలేదు దాన్ని. "ఎవరూ?" అంది. "నేనే. చిలకని."

ఇది చిలక గొంతా? హెడ్‌మాస్టరూ, ప్యూనూ, గొడుగు ముసలమ్మా అందరూ ఇల్లు ఖాళీచేసి వెళ్ళిపోయాక మిగిలిన గొంతు ఇదా? ఇంత చిన్నదా? ఏడాదిపాటు పక్కన కూర్చుని ఒక్కసారీ విననే లేదా తను? "ఎప్పుడొచ్చావు?" అంది బుల్లి. "నువ్వు దూదితో తుడుచుకుంటున్నప్పుడే. చెప్పొద్దని తాతయ్యకి సైగ చేశాను. ఏ గొంతుతో పలకరించాలో తెలీలేదు. ఒక్కొక్కటే మనసులో అనుకుని చూశాను, ఏదీ బాలేదు." "మొత్తం విన్నావా?" "విన్నాను." మళ్ళీ ముక్కు ఎగబీల్చింది. "ఏడాదా?" "ఊఁ." "ఏడాది నుంచీ బోర్డు కనపడట్లేదా నీకు?" బుల్లి జవాబు చెప్పేలోగా నర్సు వచ్చి భుజం పట్టుకుని లోపలికి నడిపించింది.

లోపల చీకటి గది. గడ్డం ఇనుప గిన్నెలో పెట్టమన్నారు, నుదురు పట్టీకి ఆనించమన్నారు. డాక్టరమ్మ కంట్లోకి కత్తిలాంటి వెలుగు పొడిచి, అటు చూడు, ఇటు చూడు అని, తర్వాత ముక్కుమీద బరువైన చట్రం పెట్టి అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా? లేక ఇదా?" అని అడగసాగింది. బుల్లి మనసు బయట కుర్చీలో ఉంది. ఏడాదా అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది ఏమిటి, ఏడుపా, కోపమా? "రెండూ పర్లేదండీ" అంది. "పర్లేదంటే నేనేం రాయను?" అంది డాక్టరమ్మ విసుగ్గా. "నీ కంట్లో కూర్చుని నేను చూడలేను కదమ్మా. తొందరేం లేదు, చూసి చెప్పు." బుల్లి చూసింది. మొదటిదానిలో అక్షరాలు నల్లగా ఉన్నాయి గానీ వణుకుతున్నాయి. రెండోదానిలో పల్చగా ఉన్నాయి, కుదురుగా ఉన్నాయి. "రెండోది" అంది. "కాదు, మొదటిది. ఉండండి... మళ్ళీ పెట్టండి. రెండోదే." చెప్పాక ఏదో పోట్లాట మొదలెట్టినట్టు అనిపించింది. డాక్టరమ్మ ఇంకో అద్దం తీసింది.

వీధిలోకి వచ్చేసరికి వెలుగు చెంపదెబ్బ కొట్టింది. రోడ్డు, షాపులు, మనుషులు అన్నీ పాలలో ముంచి తీసినట్టున్నాయి. ముందు తాతయ్య, వెనక వాళ్ళిద్దరూ, బస్టాపుదాకా వచ్చారు. చిలక పక్కనే నిలబడింది. బుల్లికి మళ్ళీ మొహం కనపడలేదు. దగ్గరున్నా కనపడలేదు. "ఏడాది చెప్పకుండా ఎలా ఉన్నావే?" అంది చిలక ఉన్నట్టుండి. అదే విరిగిన గొంతు, ఈసారి పైకి లేచింది. "ఒక్కమాట చెప్తే ముందుకెళ్ళి కూర్చునేవాళ్ళం కదా! నాకు వెనక బెంచీ ఏమన్నా మా తాత ఇచ్చిన ఆస్తా? నువ్వు సరేనంటే నీకూ ఇష్టమేననుకున్నాను. నన్ను రాక్షసిని చేశావు, నాకు తెలీకుండానే!"

ఇది బుల్లి అనుకోనిది. క్షమాపణ వస్తుందనుకుంది, లేదా వెటకారం వస్తుందనుకుంది. ఇలా తిరిగి మీద పడుతుందని... పైగా అది నిజమేమోనని కూడా అనిపించడం ఏమిటి? నిజమైతే తను మంచిపిల్ల కాదా? మెత్తగా సరే సరే అంటూ ఏడాదిపాటు ఒక అబద్ధం తినిపించిందా స్నేహితురాలికి? "నువ్వు అందరిముందూ నన్ను చేశావు" అంది, పట్టుకోవడానికి అదొక్కటే దొరికింది. "చేశాను" అంది చిలక. "నిన్ను చేయడం అన్నిటికన్నా కష్టం. ఎన్నాళ్ళు చూశానో. బాగా వచ్చిందని నీకు చూపిద్దామనుకున్నాను. నువ్వు నవ్వుతావనుకున్నాను." "నవ్వాను. నేనని తెలీక నవ్వాను." బుల్లి చిలక మొహం ఉండాల్సిన వైపు తిరిగింది. "అప్పుడు నీ మొహం ఎలా ఉంది?" అంది బుల్లి. ఇన్నాళ్ళుగా తొలిచేస్తున్న ప్రశ్న, అడిగేసింది. చిలక ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి కాదు, నిజంగానే ఆలోచించింది. "ఏమో. నా మొహం నాకెలా కనిపిస్తుందే?" అంది.

బస్సు వచ్చింది. పెద్ద ఎర్రటి మబ్బు వచ్చి ఆగినట్టు. తాతయ్య అలవాటుగా ఒక కాలు మెట్టుమీద పెట్టాడు. "ఎక్కండి ఎక్కండి, ఖాళీగా ఉంది." "నేను ఎక్కను" అంది బుల్లి. ఎందుకంది? తనకే తెలియదు. బస్సు వాసన పడటం లేదు, అదొకటి. ఇంటికి అప్పుడే వెళ్ళాలని లేదు, అదొకటి. "నడుస్తాను." "ఈ ఎండలోనా? కళ్ళు కనపడకుండానా? పిచ్చా?" అంది చిలక. "నాకు కాళ్ళు నొప్పిగా ఉన్నాయి. బస్సులోనే పోదాం." "నువ్వు పో. నేను నడుస్తాను." "నడిచి ఏ లారీ కిందో పడు!" "పడతాను!" జనం చూస్తున్నారు కాబోలు. కనపడరు గనక బుల్లికి చింత లేదు. తాతయ్య కాలు మెట్టుమీంచి దించి, కండక్టరుకి రైట్ చెప్పి పంపించేశాడు. స్టాపులో ఉన్న బల్లమీద చతికిలబడ్డాడు. "తేల్చుకోండమ్మా. నాకేం తొందర లేదు, మీ అమ్మకి మాత్రం నేను చెప్పలేను" అన్నాడు.

తేలలేదు. కోపం ఉంది, కోపం పక్కనే నవ్వొచ్చేలా ఉంది, ఆ రెండిటికీ వెనకాల ఎక్కడో గట్టిగా ఏడవాలని ఉంది. స్నేహం పోయిందో ఇప్పుడే మొదలైందో చెప్పమంటే, ఏ అద్దం పెట్టినా చెప్పలేదు. బుల్లి తిరిగి నడవడం మొదలుపెట్టింది. కాలికింద ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో తెలియలేదు. తెల్లటి వెలుగులోకి చేతులు కాస్త ముందుకు చాపి అడుగులు వేసింది. రెండో అడుగుకో మూడో అడుగుకో ఒక చెయ్యి వచ్చి మోచేతిపైన పట్టుకుంది. "నడుస్తాను గానీ నీతో మాట్లాడను" అంది చిలక. పట్టుకోవాల్సినదానికన్నా గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నాయి. వెనక తాతయ్య చెప్పుల చప్పుడు. ఒక మలుపు తిరిగారు. ఎవరో సైకిలు గంట కొట్టి పక్కనుంచి పోయారు. బుల్లి చాలా దూరం ఓర్చుకుంది.

"నొప్పిగా ఉంది" అంది చివరికి. "కాస్త వదులుగా పట్టుకో."

చెయ్యి వదులయింది. ఎక్కడికీ పోలేదు.